బెర్నీ నోరు మూసుకున్న రోజు

బెర్నడీన్ డుడెక్ గొంతు వినని మనిషి మా ఊళ్లో ఉన్నాడంటే, అతను నిన్నో మొన్నో దిగినవాడైనా అయ్యుండాలి, బేస్‌బాల్ అంటే గిట్టనివాడైనా అయ్యుండాలి. ఆ రెండో రకం వాళ్లతో నాకు మాటల్లేవు.

ఆమెను అందరం బెర్నీ అంటాం. మా స్టర్జన్స్ జట్టు మైదానంలో కుడివైపు, గోడ వెనక, కప్పులేని బల్లలున్నాయి. వీపు ఆనించుకోవడానికి చెక్క కూడా ఉండదు. ఏప్రిల్లో మంచు పడితే నేరుగా మా నెత్తినే పడుతుంది, జూలైలో ఎండ కాస్తే మా మెడలే మాడతాయి. స్టర్జన్ అంటే మా సరస్సులో దొరికే మీసాల చేప. చేప పేరు పెట్టుకున్న జట్టు ఏం గెలుస్తుందని బయట ఊళ్లవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. వాళ్లకు బదులు చెప్పడానికే దేవుడు మాకు బెర్నీని ఇచ్చాడు.

ఆ బల్లల్లో మొదటి వరసలో, గోడకు ఆనుకుని మేం ముగ్గురం కూచుంటాం. మధ్యలో బెర్నీ, ఆమెకు ఎడమపక్క వాళ్లాయన ఎడ్, కుడిపక్క నేను. ఎడ్‌కు కుడి చెవి వినపడదు. ఫ్యాక్టరీ మోతకు పోయిందని వాళ్లు చెబుతారు, పెళ్లయ్యాక పోయిందని నేనంటాను. ఎడ్ మాత్రం ఏమీ అనడు. ఎడ్ ఎప్పుడూ ఏమీ అనడు. అనడానికి సందు దొరకాలి కదా.

ఆ గొంతు ఎక్కడిదంటే సగం పుట్టుకతో వచ్చింది, సగం ఉద్యోగంతో వచ్చింది. చిన్నప్పుడు చర్చిలో పాటల బృందంలో చేరితే, ఫాదర్ గారు రెండో ఆదివారమే పక్కకు పిలిచి, “తల్లీ, నువ్వు ఊరికే పెదాలు కదుపు, దేవుడికి అర్థమవుతుంది,” అన్నారట. ఆ మాట ఆమే చెప్పుకుని విరగబడి నవ్వుతుంది. తర్వాత కారు తలుపులు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఇనపరేకులు నొక్కే ప్రెస్సు దగ్గర పనిచేసింది. అక్కడ పక్కమనిషిని టైమెంతని అడగాలన్నా పొలికేక పెట్టాల్సిందే. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చినా కేక తగ్గలేదు. వాళ్ల వంటింట్లో ఆమె “ఎడ్, కాఫీ!” అంటే మా ఇంట్లో నేను కప్పు తీసుకుంటాను. మధ్యలో రెండు ఇళ్లున్నాయి.

ఎదుటి జట్టు ఆటగాణ్ణి తిట్టడానికి మా బల్లల మీద పద్ధతులున్నాయి. అమ్మ జోలికి పోకూడదు. పెళ్లాం పిల్లల జోలికి పోకూడదు. రంగు, దేశం, భాష ఎత్తకూడదు. అవి ఎత్తినవాణ్ణి బెర్నీయే భుజం పట్టుకుని మెట్ల దాకా సాగనంపడం నా కళ్లారా చూశాను. మిగతాదంతా మనదే. అతని పొట్ట, పరుగు, జుట్టు, మేజోళ్లు. బెర్నీ ఊరికే తిట్టదు, చదివి తిడుతుంది. ఎదుటి ఊరి పేపర్లు తెప్పించుకుని, ఎవడు ఏ హోటల్లో ఏం తిని కడుపు పాడుచేసుకున్నాడో తెలుసుకుని వస్తుంది.

సరస్సుకు అవతలి ఒడ్డున ఉన్న ఊరి జట్టుతో మాకు తాతలనాటి పోరు. ఆ జట్టులో కుడివైపు కాసేవాడు యుసేబియో పెగేరో. డొమినికన్ దేశంవాడు, తాటిచెట్టంత మనిషి. అతను మా గోడ ముందు నిలబడితే అతని వీపు మాకు చెయ్యి చాస్తే అందుతుందా అన్నంత దగ్గర. అంత దగ్గర వీపు దొరికితే బెర్నీ ఊరుకుంటుందా?

“ఒరేయ్ పెగేరో! ఆ మేజోళ్లు పరుపుగలీబు చించి కుట్టించావా?”

“ఒరేయ్ పెగేరో! డ్రైవింగు పరీక్ష మళ్లీ తప్పావంట కదా! బంతి నీ దగ్గరికి బస్సెక్కి వస్తుందనుకుంటున్నావా?”

ఏళ్ల తరబడి ఇదే వరస. అతను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసినవాడు కాదు. భుజాలు కదిలేవి, అంతే. నవ్వుతున్నాడో పళ్లు నూరుతున్నాడో మాకు తెలిసేది కాదు.

నాలుగేళ్ల కిందట, సీజన్ ఆఖరి రోజు జరిగిందా సంగతి. గెలిస్తే మేం పై ఆటలకు వెళతాం, ఓడితే ఇళ్లకు వెళతాం. ఆఖరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. మావాళ్లిద్దరు బేసుల మీద ఉన్నారు, ఇంకొక్కడు ఔటయితే కథ కంచికి వెళ్లినట్టే. బ్యాటు పట్టుకుని మా గోర్మన్ దిగాడు, ఏనుగులాంటి మనిషి. శరత్కాలంలో సాయంత్రమయ్యేసరికి మా మైదానంలో గాలి సరస్సు వైపుకు తిరుగుతుంది. అప్పుడు కుడివైపు లేచిన బంతి ఓ పట్టాన దిగదు. పెగేరో అదేమీ పట్టనట్టు బాగా ముందుకొచ్చి దర్జాగా నిలబడ్డాడు.

నిజానికి మేం లోపల్లోపల పండగ చేసుకోవాల్సిన సమయమది. బంతి అతని తలమీంచి పోతే బేసుల మీదున్న ఇద్దరూ చుట్టు తిరిగి రెండు పరుగులు తెచ్చేస్తారు, మేం గెలుస్తాం. నేను ఊపిరి బిగబట్టి కూచున్నాను. అప్పుడు నా పక్కనుంచి వచ్చింది కేక.

“ఒరేయ్ దద్దమ్మా! అంత ముందుకొచ్చి ఏం వెలగబెడతావురా? గాలి తిరిగింది కనపట్లేదా? వీడు కొడితే నీ నెత్తిమీంచి పోతుంది! వెనక్కి రా! ఇంకా వెనక్కి!”

పెగేరో మొట్టమొదటిసారి వెనక్కి తిరిగాడు. బెర్నీ మొహంలోకి చూశాడు. తలెత్తి, గాలికి రెపరెపలాడుతున్న మైదానం జెండా వైపు చూశాడు. మారుమాట్లాడకుండా గోడ దాకా వెనక్కి వచ్చేశాడు.

తర్వాతి బంతికే గోర్మన్ కొట్టాడు. ఆ బంతి లేచి, లేచి, మా వైపే వచ్చింది. పెగేరో గోడమీదికి ఎగిరి, బెర్నీ మోకాళ్ల ముందు దాన్ని పట్టేశాడు. ముందు నిలబడ్డ చోటే ఉండుంటే ఆ బంతిని వాళ్ల జేజమ్మ కూడా పట్టేది కాదు.

అంత పెద్ద మైదానం ఒక్కసారిగా మూగబోయింది. అప్పటిదాకా చుట్టూ ఉన్న గోలలో ఆ కేక ఏమిటో పట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఎడ్ చెవి సంగతి చెప్పాను కదా. బయటికొచ్చాక కారు పక్కన బెర్నీ నా చొక్కా పట్టుకుంది.

“లియో, ఈ సంగతి బయట పొక్కిందో, నిన్ను నా చేతుల్తో సరస్సులో ముంచుతా.”

“ఏ సంగతి?” అన్నాను.

“అదీ, అట్లా ఉండు,” అంది.

ఆ ఓటమి గురించి మా ఊరు నాలుగేళ్లుగా మాట్లాడుతూనే ఉంది. క్షవరం షాపులో గోర్మన్‌ను తిడతారు. బీరు కొట్టులో గాలిని తిడతారు. బెర్నీ ఎక్కడ కూచున్నా అప్పటి మేనేజర్ని తిడుతుంది, అందరికంటే గట్టిగా. ఆమె తిడుతున్నప్పుడు నేను బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటాను.

కిందటి డిసెంబర్లో ఒక పొద్దున ఫోన్ మోగింది. ఫోన్ లేకపోయినా వినపడేది.

“లియో, పేపర్ చూశావా?”

“చూశాను. పెగేరోని మనవాళ్లు తీసుకున్నారు. ఇన్నాళ్లకు మనకో మంచి కుడివైపు మనిషి దొరికాడు.”

“నీకు మనిషి దొరికాడు, నాకు కొంప మునిగింది. వాడు వచ్చి నా ముందే నించుంటాడు! నేను నోరు తెరుస్తాను. మొహం మర్చిపోయుంటాడు గానీ గొంతు గుర్తుపడతాడు. ‘ఆ రోజు నన్ను వెనక్కి రమ్మన్నది ఈవిడే’ అంటాడు. ఇంకంతే, ఈ ఊళ్లో నాకు మంచినీళ్లు పుట్టవు.”

“నోరు తెరవకు మరి.”

నేనన్నది ఎంత తెలివితక్కువ మాటో నాకే అర్థమైంది.

“సీటు మార్చుకుంటున్నా,” అంది చివరికి. “ఎడమవైపు, పైన.”

నాకు కాఫీ కొరబోయింది. ఎడమవైపు పైన కూచునేవాళ్లు మెత్తలు తెచ్చుకుంటారు. చేతి తొడుగులు తియ్యకుండా చప్పట్లు కొడతారు. అక్కడ బెర్నీయా? మా కుడివైపు బల్లంటే, వాళ్ల నాన్న ఆమెను ఏడేళ్లప్పుడు తీసుకొచ్చి కూచోబెట్టిన బల్ల. ఎడ్‌ను మొదటిసారి చూసింది అక్కడే, పెళ్లయిన మర్నాడు ఆట చూసింది అక్కడే. ఆమె లేని ఆ బల్ల మీద నేనేం చేసుకోను?

సీటు మార్చుకోవాలంటే మా ఊళ్లో ఒకటే చోటు, జనవరిలో జరిగే ఫ్యాన్ ఫెస్ట్. బయట మోకాళ్ల లోతు మంచుంటుంది, ఆట మొదలవడానికి ఇంకా బోలెడు టైముంటుంది, ఆ సమయానికి మా ఊరివాళ్లకు పిచ్చెక్కకుండా జట్టువాళ్లు పెద్ద హాల్లో జరిపే జాతర అది. ఆటగాళ్లందరూ వస్తారు. అంటే పెగేరో కూడా వస్తాడు. అదే చిక్కు.

“ఇవాళ ఇంటికొచ్చే దాకా ఒక్క మాట మాట్లాడను,” అని కారులో ప్రకటించింది బెర్నీ. “ఎవరడిగినా నాకు గొంతు పోయిందని చెప్పండి. సీటు మార్చుకుంటాం, వచ్చేస్తాం. ఎడ్, విన్నావా?”

“విన్నాను,” అన్నాడు ఎడ్. అతని మొహంలో అలాంటి వెలుగు నేను ఎప్పుడూ చూళ్లేదు.

హాల్లోకి అడుగుపెట్టగానే పాప్‌కార్న్, తడి కోట్లు, కొత్త తోలు కలిసిన వాసన కొట్టింది. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకపక్క పిల్లలు తివాచీ మీద బేసులు పరిచి పరుగులు తీస్తున్నారు. ఒకపక్క కిందటేడు విరిగిన బ్యాట్లు అమ్ముతున్నారు. ఇంకోపక్క మైదానంలోని మట్టిని సీసాల్లో పోసి అమ్ముతుంటే వరసకట్టి కొంటున్నారు. నేనూ కొన్నాను, నవ్వకండి. మీసాల చేప వేషం వేసుకున్నవాడు గుమ్మం దగ్గర ఇరుక్కుపోతే నలుగురు కలిసి తోస్తున్నారు.

సీట్లు మార్చే బల్ల దగ్గర కూచున్న అమ్మాయి, “ఆటగాళ్ల ముచ్చట్లు అయ్యాకే తెరుస్తామండీ,” అంది. మధ్యాహ్నం దాకా ఆగాలన్నమాట. బెర్నీ నోరు తెరిచి, మూసి, నా చెయ్యి గిల్లింది.

ఇక చూడాలి ఆమె అవస్థ. ఈ జాతరలో బెర్నీ అంటే పెళ్లికూతురే. అడుగు తీసి అడుగు వేసేలోపు ఎవరో ఒకరు వస్తారు.

“బెర్నీ అక్కా! ఒక్క కేక వెయ్యవూ! మా అల్లుడు కొత్త, వింటాడు!”

బెర్నీ గొంతు చూపించి తల అడ్డంగా ఊపేది. అప్పుడు ఎడ్ ముందుకొచ్చేవాడు.

“ఆవిడకి గొంతు పోయిందండీ. మూడ్రోజులైంది. ఇల్లంతా ఎంత హాయిగా ఉందో! గడియారం టిక్కుమంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.”

మా ఎడ్ మాట్లాడాడు! ఒక మాట కాదు, వరసగా ఐదారు మాటలు. వినేవాళ్లు నోరెళ్లబెట్టారు. ఎడ్‌కు హుషారెక్కింది. తర్వాత వచ్చినవాళ్లకు గొంతు ఎలా పోయిందో చెప్పాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు తమ పెళ్లి కథ చెప్పాడు, తర్వాతివాళ్లకు తాము చేపలు పట్టడానికి వెళ్లి పడవ బోర్లాపడ్డ కథ. చుట్టూ జనం మూగి పొట్ట చేతబట్టుకుని నవ్వుతున్నారు. ఇన్నేళ్లుగా ఈ మనిషి ఇన్ని కథలు ఎక్కడ దాచుకున్నాడో నాకు అంతుపట్టలేదు.

“పడవ బోర్లా పడింది ఎందుకనుకుంటున్నారు? ఈవిడ లేచి నించుంది!”

బెర్నీ మొహం బీట్‌రూట్ దుంపలా అయింది. లేచి నిలబడింది ఎడ్. ఆ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. ఆమె వేలితో ఎడ్ ఛాతీ మీద పొడిచి, చేతులతో పడవ గీసి, అందులో ఎడ్‌ను నిలబెట్టి, మళ్లీ పొడిచింది.

“చూశారా? తనే ఒప్పుకుంటోంది,” అన్నాడు ఎడ్.

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. ఎదురుగా నవ్వితే నాకూ ఒక పోటు ఉండేది.

తర్వాత రొట్టెలో పెట్టిచ్చే సాసేజీలు కొనడానికి వరసలో నిలబడ్డాం. బెర్నీ రొట్టె పట్టుకుని ఆవాల ముద్దల సీసాల ముందు ఆగింది. పసుపుదొకటి, గోధుమరంగుదొకటి. ఆమె పక్కన పెద్ద నీడ పడింది.

“అమ్మా, ఈ రెంట్లో ఏది బావుంటుందండీ?”

పెగేరో! చేతిలో రొట్టె, కొత్త నీలం చొక్కా మీద మా మీసాల చేప. బెర్నీ కొయ్యబారిపోయింది. పసుపుది వేసుకుంటే మా ఊళ్లో పరాయివాళ్లకింద లెక్క. గోధుమరంగుది వేసుకోమని చెప్పడానికి ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. కళ్లెత్తకుండా వేలితో గోధుమరంగు సీసా చూపించింది. అతను పసుపు సీసా మీద చెయ్యి వేశాడు. బెర్నీ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. చిన్నగానే అనుకోండి.

“ఆవిడకి గొంతు బాలేదు నాయనా,” అన్నాడు ఎడ్ గబగబా.

“అయ్యో,” అన్నాడు పెగేరో. బెర్నీ మొహం వంక కాసేపు చూశాడు. గోధుమరంగు ఆవముద్ద వేసుకుని వెళ్లిపోయాడు. మేం ఊపిరి వదిలాం. మేం బల్ల దగ్గర కూచున్నాం, ఎడ్ మళ్లీ పడవ కథ ఎత్తుకున్నాడు, బెర్నీ అతన్ని కళ్లతోనే నమిలేస్తోంది. సగం రొట్టె తినేసరికి పెగేరో మళ్లీ వచ్చాడు, చేతిలో పొగలు కక్కుతున్న కాగితం గ్లాసుతో.

“టీలో అల్లం, తేనె కలిపించానమ్మా. మెల్లగా తాగండి. మా అమ్మ ఇదే ఇచ్చేది.”

అతను వెళ్లాక బెర్నీ ఆ గ్లాసు వంక చూస్తూ కూచుంది. కళ్లలో నీళ్లు. ఎడ్ ఒక్కసారిగా కథలు ఆపేశాడు. అంత మంచివాణ్ణా నేను ఇన్నేళ్లూ పరుపుగలీబు మేజోళ్లన్నది, అని ఆమె అనుకుంటోందని మా ఇద్దరికీ తెలుసు. ఎడమవైపు సీటు ఖాయమైపోయిందని నాకనిపించింది.

మధ్యాహ్నం ఆటగాళ్లు వేదిక ఎక్కారు. వేల కుర్చీలు నిండిపోయాయి. సీట్ల బల్ల తెరిచేదాకా ఆగాలి కాబట్టి మేం నడవా పక్కన కూచున్నాం, లేచి పారిపోవడానికి వీలుగా. మైకు పట్టుకున్న రేడియో ఆయన పెగేరో దగ్గరికొచ్చాడు.

“ఈ ఊరివాళ్లు మిమ్మల్ని ఇన్నేళ్లూ దుమ్మెత్తిపోశారు కదా. అయినా ఇక్కడికే ఎందుకొచ్చారు?”

పెగేరో నవ్వాడు. “ఈ ఊళ్లో నాకొక గురువుంది.”

బెర్నీ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

“నాలుగేళ్ల కిందటి ఆ క్యాచ్ మీకు గుర్తుందా?” అన్నాడు జనం వైపు తిరిగి.

గుర్తుందా అంటాడేమిటి! హాలంతా ఎవరో కడుపులో గుద్దినట్టు మూలిగింది.

“ఆ రోజు నేను తప్పు చోట నించున్నా. కుడివైపు బల్లల మీంచి ఒకావిడ కేకేసింది. గాలి తిరిగింది, వెనక్కి రారా అని. వెళ్లా. పట్టా.”

ఆ తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడా? ఎవరావిడ? మనవాళ్లలోనా? కుడివైపు బల్లలవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. కొన్ని తలలు అనుమానంగా మా వైపు తిరుగుతున్నాయి. బెర్నీ కోటు కాలర్లోకి తాబేలులా ముడుచుకుపోయింది. ఇంకా ఏమీ తేలలేదు, నోరు మెదపకపోతే చాలు.

“గొప్ప ఆట తెలిసినావిడన్నమాట,” అన్నాడు రేడియో ఆయన.

“అబ్బే, అదేం లేదండీ,” అన్నాడు పెగేరో తీరిగ్గా కుర్చీలో వెనక్కి వాలి. “ఆవిడకి ఆటేం తెలుసు? ఏదో నోటికొచ్చింది అరిచింది. నా అదృష్టం కొద్దీ అది నిజమైంది.”

నేను బెర్నీ చెయ్యి పట్టుకున్నాను. ఎడ్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఏం లాభం? ఆమె లేచి నిలబడేసరికి మేమిద్దరం కూడా సగం లేచాం.

“నోటికొచ్చిందా? ఒరేయ్ పెగేరో! ఏమన్నావ్? నోటికొచ్చిందా!”

ఆ హాల్లో మైకులు ఎందుకు పెట్టారో అని ఎవరికైనా అనిపించి ఉంటుంది.

“ఏడేళ్ల పిల్లప్పట్నుంచీ ఆ బల్ల మీద కూచుని ఆ గాలి చూస్తున్నాన్రా నేను! తలెత్తి జెండా చూడకుండా నించున్నది నువ్వు! గోర్మన్ ఎడమచేతి వాటం. లోపలికి బంతి పడితే కుడివైపు గోడకే కొడతాడని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు! అదృష్టమంట, అదృష్టం!”

అక్కడ ఆగింది. ఏం చేసిందో అప్పుడు తెలిసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“బెర్నీ!” అని వెనకనుంచి ఎవరిదో ఏడుపు గొంతు వినిపించింది. “నాలుగేళ్లు మేనేజర్ని తిట్టావు కదే!”

ఆ తర్వాత మొదలైంది. ఒక మూల నుంచి ‘బూ’ అని లేచింది, హాలంతా అందుకుంది. మా ఊరివాళ్లకు ఊళలు పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. సగం మంది నవ్వుతూ పెడుతున్నారు, సగం మంది నిజంగానే పెడుతున్నారు. ఇన్నేళ్లూ ఊరి తరఫున తిట్టిన మనిషి ఊరందరి చేతా తిట్టించుకుంటూ నిలబడింది. కూచోలేదు, పారిపోలేదు. పక్కనే ఎడ్ ఆమె సంచి గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను.

పెగేరో వేదిక అంచుకొచ్చి చెయ్యెత్తాడు. గోల సద్దుమణిగింది.

“ఆవముద్ద దగ్గరే గుర్తుపట్టానమ్మా మిమ్మల్ని,” అన్నాడు. “ఆ రోజు తిరిగి చూశాను కదా, ఆ మొహం మర్చిపోతానా? గొంతు పోయిందంటే నిజమనుకుని బెంగపడ్డాను కూడా. టీ తెచ్చినప్పుడు చూస్తే మీ ఆయన్ని కళ్లతోనే చెడామడా తిడుతున్నారు. ఇంత తిట్టే మనిషికి గొంతు పోవడమేంటనిపించింది. మీ కేక వినాలని ఆ మాట అన్నాను. ఏమీ అనుకోకండి.”

బెర్నీ నోటికి అడ్డం పెట్టుకున్న చేతులు దించింది.

“ఆ ఏడు నా ఆట బాలేదమ్మా. ఆ చలికాలం నన్ను వదిలించుకుందామనుకున్నారు మావాళ్లు. ఆ ఒక్క క్యాచ్ చూసి ఉంచుకున్నారు. అప్పట్నుంచీ అడగాలనుంది నాకు. నేను వెనక్కొస్తే మీ జట్టు ఓడిపోతుందని తెలీదా? ఎందుకు చెప్పారు?”

అందరూ బెర్నీ వైపు చూశారు. మళ్లీ కేక వస్తుందని నేను చెవి సర్దుకున్నాను. రాలేదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే అరవాల్సిన పనేముంది? ఆమె మామూలుగా, అందరూ మాట్లాడినట్టే మాట్లాడింది. అంత మెల్లని గొంతు ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

“తెలుసు. కానీ నువ్వు తప్పు చోట నించున్నావు నాయనా. చూస్తూ ఊరుకోలేకపోయా.”

కళ్లు తుడుచుకుంది.

“ఓడిపోయామని కాదు నా బాధ. ఓడిపోవడం మాకు కొత్తా? నువ్వు గోడమీదికి ఎగిరావు చూడు... అట్లాంటి క్యాచ్ నా జన్మలో చూళ్లేదు. నా ముందే, ఇంత దూరంలో. చప్పట్లు కొట్టాలనిపించింది. మా బల్లల మీద కూచుని ఎదుటి జట్టువాడికి చప్పట్లు కొట్టినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. అందుకని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నా. నాలుగేళ్ల నుంచీ నన్ను తినేస్తున్నది అదే, ఇంకేం కాదు.”

అలా అని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. అంత పెద్ద హాల్లో ఒక్కతే. ప్రెస్సు దగ్గర పనిచేసిన చేతులవి, గట్టిగా మోగాయి. ఎడ్ సంచి కింద పడేసి కొట్టాడు. నేను కొట్టాను. కుడివైపు బల్లలవాళ్లు ఒక్కొక్కరే లేచారు, వాళ్ల వెనక మిగతావాళ్లు. ఇందాక ఏడుపు గొంతుతో అరిచినవాడు కుర్చీ ఎక్కి కొడుతున్నాడు. మా సీజన్‌ను ముగించిన ఆ క్యాచ్‌కు మా ఊరు నాలుగేళ్ల తర్వాత లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను. నా వయసువాడు ఏడిస్తే ఎవరేమంటారు?

పెగేరో టోపీ తీసి, వేదిక మీదనుంచి బెర్నీ ఒక్కదానికే తలవంచాడు.

“ఏప్రిల్లో ఎక్కడ కూచుంటారమ్మా?”

బెర్నీ మా ఇద్దరి వైపూ చూసింది. సీట్ల బల్ల ఉన్న మూలకు మాత్రం చూడలేదు.

“నీ వెనకే,” అంది. “ఇప్పుడు మనవాడివి కదా అని వదిలేస్తాననుకోకు. తప్పు చోట నించున్నావంటే మళ్లీ తిడతా, సరస్సు అవతలికి కూడా వినపడేట్టు.”

“అందుకేనమ్మా ఈ ఊరొచ్చాను,” అన్నాడు పెగేరో.